నాలుగు కాడలే మిగులుతాయన్న భయం

నల్లగొండ పట్టణం నుంచి ఒక గృహిణి రాసిన ఉత్తరం ఇది. పేరు వెల్లడించవద్దని కోరారు. రెండేళ్ళ కిందట సొంత ఇంటి గృహప్రవేశానికి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మరిది ఒక గాజు కుండీలో ఐదు కాడల లక్కీ బాంబూ తెచ్చి ఇచ్చాడట. బంగారు రంగు తీగతో కట్టి, ఎర్ర రిబ్బను చుట్టి, అడుగున తెల్లని గులకరాళ్ళు పోసిన ఆ మొక్కను అత్తమ్మ తన చేతులతోనే హాల్లో పడమటి కిటికీ పక్కన పెట్టారు. మొదటి ఏడాది ఇంట్లో అందరూ క్యాన్ నీళ్ళు తాగేవారు, మొక్కకూ అవే పోసేవారు, అది నిగనిగలాడుతూ పెరిగింది. నిరుడు సంక్రాంతికి ఇంట్లో ఆర్వో ప్యూరిఫయర్ పెట్టించుకున్నారు. దాని పైపు నుంచి వృథాగా పోయే నీటిని చూసి మనసొప్పక, బకెట్లో పట్టి ఇల్లు తుడవడానికీ మొక్కలకూ వాడుతున్నామని ఆమె ఒక వాక్యంలో రాసి ముందుకు వెళ్ళిపోయారు.

నిరుటి ఎండాకాలం నుంచి ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగి ఎండడం మొదలైంది. బలం చాలక అలా అవుతోందని ఊళ్ళో ఉన్న ఆడపడుచు చెప్పగా చిటికెడు యూరియా వేశారు. ఈ ఏడాది ఒక కాడ అడుగు నుంచి పసుపురంగుకు తిరిగి మెత్తబడింది, కుండీలో నీరు వాసన వస్తోంది. ఆ కాడ తీసేద్దామని అనుకున్న రోజునే ఆమె భర్త ఫోనులో ఒక వీడియో చూశారట. లక్కీ బాంబూ కాడలు నాలుగు ఉండకూడదని, నాలుగు అంటే చావని అందులో చెప్పారు. అత్తమ్మకు వచ్చే నెలలో మోకాలి మార్పిడి ఆపరేషన్. "ఆపరేషన్ ముంగట ఇంట్ల పెట్టుకున్న చెట్టు ఇట్ల కావుడు మంచిగ లేదు బిడ్డా" అని అత్తమ్మ ఒకసారి అన్నారు, ఆ తరువాత ఆ మాట ఎత్తలేదు. ఆ రోజు నుంచి మన పాఠకురాలు పసుపురంగు కాడ గోడ వైపు ఉండేలా కుండీని తిప్పి పెట్టి, లెక్క ఐదు తప్పకుండా చూసుకుంటున్నారు. ముట్టుకుంటే ఊడిపోతుందేమోనని నెల రోజులుగా నీరు మార్చలేదు, తగ్గినప్పుడల్లా పైన పోస్తున్నారు.

ఆమె అడిగినవి నాలుగు ప్రశ్నలు. ఆ కాడ మళ్ళీ బతుకుతుందా? తీసేస్తే మిగిలే నాలుగు నిజంగా చెడ్డవా? ఎవరికీ చెప్పకుండా అలాంటిదే మరొక కాడ కొని పెట్టేయవచ్చా? ఎండిన ఆకు కొసలను కత్తెరతో కత్తిరించవచ్చా?

*

మొదటి ప్రశ్నకు జవాబు దాచిపెట్టి లాభం లేదు. ఆ కాడ బతకదు. ఆకు ఒకటి పసుపురంగుకు తిరిగితే తుంచేసి ఊరుకోవచ్చు, కింది ఆకులు ముదిరి అలా రాలిపోవడం సహజమే. కాడే అడుగు నుంచి రంగు మారి మెత్తబడిందంటే లోపల కుళ్ళు పట్టిందని అర్థం, అది వెనక్కి మళ్ళదు. నిర్ధారించుకోవాలంటే నీటి మట్టానికి కొంచెం పైన బొటనవేలితోనూ చూపుడువేలితోనూ నొక్కి చూడండి. బాగున్న కాడ చెరకు గడలా గట్టిగా ఉంటుంది. కుళ్ళిన కాడ మగ్గిన అరటిపండులా లోపలికి పోతుంది, పైతొక్క ముడతపడి వేలికి జారుతుంది. మిగిలిన నాలుగింటినీ కూడా అలాగే ఒక్కొక్కటిగా నొక్కి చూడండి, ఎందుకంటే మీ లెక్కలో నాలుగని ఉన్నది మొక్క లెక్కలో మూడే కావచ్చు.

ఇక్కడ మీరు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఐదు అన్న అంకె చెడకూడదని మీరు ఉంచుకున్న ఆ కాడే మిగతా నాలుగింటికీ ముప్పు తెస్తోంది. ఐదు కాడల వేళ్ళూ ఒకే నీటిలో, ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉన్నాయి. కుళ్ళు నుంచి పుట్టే సూక్ష్మజీవులు ఆ నీటిలోనే ఉంటాయి, నెల రోజులుగా నీరు మారలేదు, వాసన వస్తున్నది అందుకే. మిగతా విషయాల్లో ఏ దారి ఎంచుకోవాలో మీ ఇష్టం, వాటి మంచిచెడ్డలు కింద రాస్తాను. ఈ కాడను బయటికి తీయడం మాత్రం ఎంపికల జాబితాలో లేదు, అది ఈ రోజే జరగవలసిన పని.

తీసే పద్ధతి ఇది. ముందుగా ఆ బంగారు రంగు తీగను, రిబ్బనును విప్పేయండి. రెండేళ్ళుగా కాడలు లావెక్కుతూ ఉంటే తీగ లావెక్కదు కదా, అది కోసుకుపోయిన చోట గాయమై కుళ్ళుకు దారి దొరుకుతుంది. తరువాత కాడలన్నిటినీ పళ్ళెంలో పరిచి, కుండీ నుంచి వచ్చే నల్లని జిగురును కడిగి, వేళ్ళు చూడండి. ఆరోగ్యంగా ఉన్న లక్కీ బాంబూ వేళ్ళు నారింజ కలిసిన ఎరుపులో ఉంటాయి. చాలామంది వాటిని చూసి రోగమనుకుని కత్తిరించేస్తారు, మీరు ఆ పని చేయకండి. తీసేయవలసినవి నల్లబడి, పట్టుకుంటే నారలా జారిపోయే వేళ్ళు మాత్రమే. గులకరాళ్ళను ఉడికే నీటిలో పది నిమిషాలు ఉంచి కడిగి ఆరబెట్టండి. కుండీ లోపలి గోడలను పీచుతో రుద్దండి.

ఇప్పుడు ఇదంతా ఎందుకు జరిగిందన్న విషయానికి వద్దాం. మీరు ఇంటి దోషమేమో, మీ చేతి దోషమేమో అని మథనపడుతూ మూడు పేజీలు రాశారు, కారణాన్ని మాత్రం పొదుపు గురించి చెబుతూ ఒక్క వాక్యంలో దాటేశారు. క్యాన్ నీళ్ళు పోసిన ఏడాది మొక్క బాగుంది. ప్యూరిఫయర్ వృథా నీరు పోయడం మొదలుపెట్టిన కొన్ని నెలలకు ఆకు కొసలు ఎండాయి. ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూడండి.

లక్కీ బాంబూ పేరుకే వెదురు. వెదురు గడ్డి జాతి, ఇది డ్రసీనా జాతి. మన పిల్లితేగలు, కిత్తనార ఉన్న కుటుంబమే దీనిదీ. శాస్త్రీయ నామం డ్రసీనా సాండరియానా, పుట్టిల్లు ఆఫ్రికాలోని కామెరూన్ ప్రాంతపు అడవుల నీడ. డ్రసీనాలకు ఒక బలహీనత ఉంది, ఫ్లోరైడ్‌ను అవి తట్టుకోలేవు. నీటితోపాటు వేళ్ళ ద్వారా లోపలికి వెళ్ళిన ఫ్లోరైడ్ ఆకు చివరి దాకా ప్రయాణిస్తుంది. అక్కడ నీరు ఆవిరై పోతుంది, ఫ్లోరైడ్ అక్కడే పేరుకుంటుంది. అందుకే ముందు కొసలు, ఆపైన అంచులు చచ్చి గోధుమరంగుకు తిరుగుతాయి. మీ ఉత్తరంలో ఆకులను వర్ణించిన తీరు సరిగ్గా ఇదే.

నల్లగొండలో ఉంటూ ఫ్లోరైడ్ గురించి మరొకరితో చెప్పించుకోవలసిన అవసరం మీకు లేదు. మర్రిగూడ వైపు ఊళ్ళలో వంగిపోయిన నడుములను, గారపట్టిన పళ్ళను చూసిన జిల్లా అది. నీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నం వేసి తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు మీ ఊరి పేరే పెట్టారు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చని, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా సహించవచ్చని మన దేశపు ప్రమాణం చెబుతోంది. ఈ హద్దులు మనుషుల కోసం పెట్టినవి, డ్రసీనాకు అంతకన్నా తక్కువే మేలు.

ఆర్వో యంత్రం చేసేది నీటిని రెండుగా విడదీయడం. లవణాలు చాలావరకు తీసేసిన నీరు మీ గ్లాసులోకి వస్తుంది, ఆ తీసేసినవన్నీ పైపు నుంచి పోయే నీటిలో చేరతాయి. ఉదాహరణకు బోరు నీటిలో లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందనుకుందాం. సగం నీరు శుద్ధమై సగం బయటికి పోయే యంత్రమైతే ఆ బయటికి పోయే సగంలో ఇంచుమించు 4 మిల్లీగ్రాములు ఉంటుంది. దాన్నే మీరు మొక్కకు పోశారు. అది చాలక నీరు మార్చకుండా పైపైన పోస్తూ వచ్చారు కనుక, ఆవిరైనంత నీరు పోయి లవణాలు కుండీలోనే మిగిలి ఇంకా చిక్కబడ్డాయి. గాజు మీద నీటి మట్టం దగ్గర తెల్లని గీత కనిపిస్తూ ఉండాలి. అది లవణాల చార, గోరుతో గీకితే పొడిలా రాలుతుంది.

చాలామంది చెప్పే చిట్కా ఒకటి ఇక్కడ పనికిరాదు. రాత్రి నీరు పట్టి మూత లేకుండా ఉంచి పొద్దున పోస్తే దోషం పోతుందంటారు. అలా పోయేది క్లోరిన్ మాత్రమే, ఫ్లోరైడ్ ఆవిరయ్యేది కాదు. మరిగిస్తే నీరు తగ్గి ఫ్లోరైడ్ పాలు పెరుగుతుంది కూడా. మీకు ఉన్న దారులు మూడు. ప్యూరిఫయర్ నుంచి వచ్చే తాగే నీరే పోయవచ్చు. ఈ మొక్కకు వారానికి అర లీటరు చాలు, ఒక చుట్టానికి మంచినీళ్ళు ఇచ్చినంత ఖర్చు. మిషన్ భగీరథ నల్లా నీరు వస్తూ ఉంటే అదీ మంచిదే. అది నది నీరు గనుక ఫ్లోరైడ్ బెడద తక్కువ, క్లోరిన్ కలుపుతారు గనుక దానికి రాత్రంతా ఉంచే చిట్కా పనికివస్తుంది. వానాకాలంలో మొదటి జల్లుకు డాబా కడుక్కుపోయిన తరువాత పట్టిన వాన నీరు అన్నిటికన్నా మేలు. పైపు నుంచి పోయే నీటిని పారబోయనక్కరలేదు. ఇల్లు తుడవడానికి, బాత్రూము కడగడానికి వాడుకోండి, మీ పొదుపు మీకే ఉంటుంది. కుండీల్లో మరేవైనా డ్రసీనాలు గాని స్పైడర్ ప్లాంట్ గాని ఉంటే వాటికీ ఆ నీరు ఆపేయండి.

యూరియా గురించి ఆడపడుచుతో తగవు పెట్టుకోవలసిన పని లేదు. పొలంలో ఎకరాల మీద చల్లే చేతికి చిటికెడు చాలా చిన్నగానే కనిపిస్తుంది. ఆ చిటికెడు అర లీటరు నీటిలో కరిగితే ఎటూ పోయే దారి లేక వేళ్ళను కాలుస్తుంది, నేలలోలాగా దాన్ని పంచుకునే మట్టి అక్కడ లేదు. నీరు పూర్తిగా మారిస్తే ఆ బాధ తీరుతుంది. ఆ తరువాత మూడు నెలలు ఏ ఎరువూ వద్దు. మొక్క తేరుకున్నాక ద్రవరూపపు ఎరువును ప్యాకెట్ మీద రాసిన మోతాదులో పదో వంతు, రెండు నెలలకొకసారి వేస్తే సరిపోతుంది.

పడమటి కిటికీ కూడా మార్చవలసిందే. నీడలో పుట్టిన మొక్క ఇది, మీ ఊరి ఏప్రిల్, మే నెలల సాయంత్రపు ఎండ నేరుగా పడితే ఆకులు పాలిపోతాయి, గాజు కుండీలో నీరు వేడెక్కి కుళ్ళు త్వరపడుతుంది. గాజు మీద పచ్చని నాచు పట్టడానికీ ఆ వెలుతురే కారణం. కిటికీకి ఐదారు అడుగుల దూరంలో, పగలు దీపం వేయకుండా పేపరు చదువుకోగలిగినంత వెలుతురు ఉన్న చోట పెట్టండి. కూలర్ గాలి నేరుగా తగలకూడదు. నీరు వేళ్ళు మునిగేంత, అంటే రెండు మూడు అంగుళాలు ఉంటే చాలు. కాడ సగం దాకా నింపితే మునిగిన భాగానికి కుళ్ళు భయం ఎక్కువవుతుంది.

నీరు వారానికొకసారి మార్చి తీరాలని నేను పట్టుబట్టడానికి మొక్కతో సంబంధం లేని కారణం కూడా ఉంది. 2001లో చైనా నుంచి అమెరికాలోని లాస్ ఏంజెలెస్ రేవుకు నీళ్ళలో నిలబెట్టి పంపిన లక్కీ బాంబూ కంటెయినర్లలో డెంగీని మోయగల ఏడిస్ జాతి దోమలు బయటపడ్డాయి. నిలవ నీరు దొరికితే గుడ్డు నుంచి దోమ కావడానికి ఆ జాతికి వారం పది రోజులు చాలు. ఆపరేషన్ అయ్యాక అత్తమ్మ కొన్ని వారాలు ఎక్కువసేపు ఒకేచోట కూర్చుని, పడుకుని ఉంటారు. పగటిపూట కుట్టే దోమలు ఆ గదిలో ఉండకూడదు. శుక్రవారం డ్రై డే పేరుతో కూలర్లు, డ్రమ్ములు ఖాళీ చేసే రోజునే ఈ కుండీ నీరూ మార్చండి. ఏడిస్ గుడ్లు గోడకు అంటుకుని ఉంటాయి కనుక నీరు పారబోస్తే చాలదు, కుండీ లోపలి గోడలను పీచుతో రుద్ది కడగాలి.

ఇక నాలుగు సంగతి. ఆ వీడియోలో చెప్పినది పూర్తిగా కల్పన కాదు, మనది కాదు అంతే. లక్కీ బాంబూను అదృష్టపు మొక్కగా అమ్మే అలవాటు చైనీయుల వాస్తు లాంటి ఫెంగ్ షుయ్ నుంచి వచ్చింది. చైనా భాషలో నాలుగు అనే మాటా చావు అనే మాటా పలకడంలో దాదాపు ఒకటే, స్వరం ఒక్కటే తేడా. అందుకని వాళ్ళు బహుమతిగా నాలుగు కాడలు ఇవ్వరు, కొన్నిచోట్ల భవనాల్లో నాలుగో అంతస్తుకు ఆ అంకె కూడా వేయరు. భయమంతా ధ్వనిలో ఉంది, ఆ ధ్వని తెలుగులో లేదు. మాట వినిపించే తీరును బట్టే భయపడాలంటే "వాడికి మూడింది" అనే మనం మూడు కాడలను చూసి పారిపోవాలి. అదే మూడును వాళ్ళు శుభమంటారు. మన పెద్దలు దీవించేటప్పుడు "నాలుగు కాలాలపాటు చల్లగా ఉండు" అంటారు. మీ అత్తమ్మ మీ పిల్లలను ఎన్నిసార్లు అలా దీవించి ఉంటారో ఒకసారి గుర్తు చేసుకోండి. నలుగురు మోయడమన్న మాట కూడా మన భాషలో ఉందని ఎవరైనా గుర్తు చేస్తే కాదనలేను, వెతికేవారికి ఏ అంకెలోనైనా ఏదో ఒకటి దొరుకుతుంది.

అయితే ఈ వాదన మీకు నచ్చినంత మాత్రాన అత్తమ్మకు నచ్చాలని లేదు. ఆమె అసలు అంకె మాటే ఎత్తలేదని గమనించారా? నాలుగు భయం మీ భర్త తెచ్చినది, దాన్ని మోస్తున్నది మీరు. ఆమె అన్నది, తన చేతులతో పెట్టిన మొక్క ఆపరేషన్ ముందు పాడవుతోందని. మోకాలు కోస్తారన్న భయం ఆమెకు ఉంది, దాన్ని నోరు తెరిచి చెప్పలేక మొక్క మీద పెట్టి చెప్పారని నాకనిపిస్తోంది. ఆ మాటకు ఇంట్లో ఎవరూ బదులు చెప్పలేదు, కుండీ మాత్రం గోడ వైపు తిరిగింది. రోజూ ఆ హాల్లో కూర్చునే మనిషి అది గమనించి ఉండరని మీరు అనుకుంటున్నారు గాని, నేను అనుకోవడం లేదు.

అందువల్ల మీ మూడో ప్రశ్న, రహస్యంగా మరొక కాడ కొని పెట్టడం, నాకు అంత తేలికైన దారిగా కనిపించడం లేదు. చేయగలరు, నర్సరీలో విడికాడలు దొరుకుతాయి. కాని రెండేళ్ళు పెరిగిన కాడల మధ్య కొత్తది లావులోనూ ఆకుల రంగులోనూ తేలిపోతుంది, కోసిన తలమీద పూసిన మైనం మెరుస్తూ ఉంటుంది. నీరు మార్చకుండా కాడ మారిస్తే ఆరు నెలలకు అదీ ఇదే దారి పడుతుంది, అప్పుడు మళ్ళీ ఒక రహస్యం. ఆపరేషన్ తరువాత కోలుకుంటున్న రోజుల్లో ఈ సంగతి బయటపడితే, మొక్క చచ్చిందని దాచినవాళ్ళు ఇంకేమి దాచారో అన్న అనుమానం డాక్టరు చెప్పిన మాటల దాకా పాకుతుంది. కొత్త కాడ కొనాలనుకుంటే చెప్పే కొనండి, కొన్నాక రెండు వారాలు వేరే గ్లాసులో ఉంచి, నొక్కి చూసి, ఆపైనే పాతవాటితో కలపండి.

ఐదే కావాలంటే నేనైతే ముందు మరొక దారి చూస్తాను. పసుపురంగు కాడ తల భాగంలో ఆకుపచ్చని రెమ్మ ఇంకా గట్టిగా ఉండవచ్చు. స్పిరిట్‌తో తుడిచిన కొత్త బ్లేడుతో, రంగు మారిన చోటుకు కనీసం ఒక అంగుళం పైన, కణుపుకు కొంచెం కింద కోయండి. కోసిన ముఖం తెల్లగా, తడిగా ఉంటే ఆ ముక్క బతకగలదు. గోధుమరంగు చుక్కగాని వలయంగాని కనిపిస్తే ఇంకొంచెం పైన కోయండి. అప్పటికీ కనిపిస్తే వదిలేయండి. అడుగు ఆకులు తుంచి, ఒకటి రెండు అంగుళాల మంచినీటిలో నిలబెడితే నెల, నెలన్నరలో వేళ్ళు వస్తాయి. ఇందులో ఒక అనుకూలత ఉంది. ఇది బజారు నుంచి వచ్చిన ముక్క కాదు, మీ మరిది తెచ్చిన, అత్తమ్మ పెట్టిన మొక్క తాలూకు కొసే. ప్రతికూలత కూడా ఉంది. జబ్బు కాడ నుంచి తీసిన రెమ్మ నిలవకపోవచ్చు, సరిగ్గా ఆపరేషన్ వారంలో అది వాడితే ఇల్లంతా మరోసారి చిన్నబోతుంది. అందుకని దానితోపాటు బాగున్న కాడ నుంచి ఒక పక్క రెమ్మను కూడా కోసి మరొక గ్లాసులో పెట్టుకోండి. ఆరోగ్యంగా ఉన్న రెమ్మకు నిలిచే అవకాశం చాలా ఎక్కువ.

ఐదు మీద పట్టుదల లేకపోతే మూడు కాడలను హాల్లో ఉంచి, నాలుగోదాన్ని వేరే గ్లాసులో అత్తమ్మ మంచం దగ్గర పెట్టవచ్చు. ఎక్కడా నాలుగు అన్న అంకె కనబడదు, మీ భర్త మనసూ కుదుటపడుతుంది. రెండు పాత్రల నీరు మార్చే పని మాత్రం మీ మీద పడుతుంది, శుక్రవారం ఒకటి మరిచిపోయినా దోమల సంగతి మళ్ళీ మొదటికి వస్తుంది. లేదా నాలుగింటినీ అలాగే అందరికీ కనిపించేలా ఉంచి, ఒకటి కుళ్ళిందని, తీసేశామని, మిగతావి బాగున్నాయని చెప్పేయవచ్చు. పని పరంగా ఇదే అన్నిటికన్నా తేలిక, మాట్లాడడం పరంగా ఇదే కష్టం.

మట్టిలోకి మార్చడం ఇంకో దారి. నీటిలో కన్నా మట్టిలో ఈ మొక్క ఎక్కువ కాలం బతుకుతుంది. అడుగున రంధ్రం ఉన్న కుండీలో, నీరు నిలవని మట్టిలో నాటి, పైమట్టి ఆరినప్పుడల్లా తడి ఇస్తే సరి. సూపర్ ఫాస్ఫేట్ మాత్రం వేయవద్దు, దానిలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. కాని నీటికి అలవాటుపడిన వేళ్ళు మట్టికి అలవాటుపడే మొదటి వారాల్లో ఆకులు కొన్ని వాలతాయి, రాలతాయి. ఆపరేషన్ ముందు ఆ దృశ్యం మీ ఇంట్లో ఎవరూ చూడలేరు. ఈ ఆలోచన ఉంటే అత్తమ్మ కర్ర లేకుండా హాలు దాకా నడిచే రోజు వరకు ఆగండి.

వీటిలో ఏది ఎంచుకున్నా, ఈ రోజు కాడ తీసే పనిని అత్తమ్మ నిద్రపోయినప్పుడు చేయకండి. పళ్ళెం ఆమె ముందే పరిచి, కాడలు ఒక్కొక్కటే ఆమె చేతికి ఇచ్చి నొక్కి చూడమనండి. ఏది గట్టిగా ఉందో ఏది మెత్తగా ఉందో ఆమె వేళ్ళకే తెలుస్తుంది. నీటి సంగతి కూడా చెప్పండి. ఫ్లోరైడ్ నీరు చేసే పనిని ఆమె తరం చూసినంతగా మనం చూడలేదు, "మన బోరు నీళ్ళకు చెట్టు కూడా తట్టుకోలేదు అత్తమ్మా" అంటే ఆమెకు ఆశ్చర్యం కలగకపోవచ్చు. ఆ తరువాత ఆపరేషన్ గురించి ఆమె ఏమైనా అడిగితే మొక్కను పక్కన పెట్టి ఆ మాటకే జవాబు చెప్పండి. ఇంట్లో పాకే వయసు పిల్లలు గాని, పిల్లిగాని ఉంటే కోసిన ముక్కలను వెంటనే తీసేయండి. ఈ ఆకులు తింటే పిల్లులకూ కుక్కలకూ వాంతులవుతాయి.

చివరిది కత్తెర ప్రశ్న. కత్తిరించవచ్చు, మొక్కకు హాని లేదు, అయితే ఎండిన కొస మళ్ళీ పచ్చబడదు. ఆకు కొసకు ఉన్న సహజమైన వాడి ఆకారాన్నే అనుసరిస్తూ ఏటవాలుగా కత్తిరించండి, అడ్డంగా తెగ్గోస్తే ఆకు మొండిగా కనిపిస్తుంది. గోధుమరంగు భాగం పూర్తిగా పోవాలని ఆకుపచ్చ దాకా వెళ్ళకండి. వెంట్రుకవాసి గోధుమరంగు అంచు వదిలితేనే కొత్త గాయం పడదు. నీరు మార్చిన తరువాత వచ్చే కొత్త ఆకుల కొసలు చూస్తూ ఉండండి. పాత ఆకులు ఎలా ఉన్నా, అవి శుభ్రంగా విచ్చుకుంటే నీరు సరిపోయినట్టే.